దూకి ఎక్కవలసిన కారు

చలనచిత్ర వాహనాల అసలుతనం పరిరక్షణ సంఘం, గ్లెండేల్ శాఖ, ఈ ఏడాది కూడా తన ఆశయసాధనలో గణనీయమైన ప్రగతి సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పాత అమెరికా కార్లను ఉన్నవి ఉన్నట్టుగా కాపాడటం సంఘం ఆశయం. అందుకోసం సభ్యులు ఇంతవరకూ చుట్టుపక్కల దొరికిన పాత డీసోటో కార్లన్నిటికీ టాపులు కోసి అవతల పారేశారు. ఇంకా కొయ్యవలసినవి ఎవరి షెడ్డులోనైనా దుప్పటి కింద మిగిలి ఉన్నాయేమోనని శ్రద్ధగా వెతుకుతున్నారు.

తెలియనివాళ్లకు ఇందులో ఏదో తిరకాసు కనిపించవచ్చు. తిరకాసేమీ లేదు. యాభైల్లో ‘సముద్రం దాకా ఆగొద్దు’ అని ఒక సినిమా వచ్చింది. అందులో హీరో, హీరోయిన్లు టాపులేని డీసోటోలో కొండల మధ్య రోడ్డు మీద, జుట్టు ఎగురుతూ, సముద్రం వైపు పోతుంటారు. నాలుగు తలుపులుండి టాపు లేని అలాంటి కారు అసలు ఏ షోరూంలోనూ ఉండేది కాదు. స్టూడియోవాళ్ల దగ్గర ఉన్నది పిల్లాజెల్లా వేసుకుని చర్చికి పోయే నాలుగు తలుపుల సంసారపక్షపు కారు. టాపు అడ్డొచ్చి కెమెరాకు మొహాలు కనబడటం లేదని ఒకనాటి ఉదయం దాన్ని రంపంతో కోసేశారు. షూటింగు అయిపోయాక తుక్కు కింద అమ్మేశారు. లోకంలో ఒకే ఒకటి ఉండి, అదీ తుక్కైపోయిన కారును కాపాడాలంటే, మంచి కార్లను కొయ్యడం తప్ప సంఘానికి వేరే మార్గం లేకపోయింది.

కోత ఒక్కటే అసలుతనం కాదు. సభ్యులు ఆ సినిమాను ఆపి ఆపి చూసి ఎన్నో సత్యాలు కనిపెట్టారు. లైట్లు తళుక్కుమనకుండా షూటింగులో ముందు అద్దం తీసేశారని తేలింది. అందుచేత ఏటా జూలై నాలుగున, స్వాతంత్ర్య దినాన జరిగే ఊరేగింపులో సంఘం కార్లకు ముందు అద్దాలుండవు. సభ్యులు పెదాలు బిగించి నవ్వుతారు, పురుగులు నోట్లో పడకుండా. వెనక సీటు మీద మడతపెట్టిన గుడ్డ టాపులాగా కనిపించేది నిజానికి గుడ్డ చుట్టిన దిండని కూడా తేలింది. ఆ దిండులో ఈకలున్నాయా, గడ్డి ఉందా అన్న విషయం మీద సంఘం రెండు వర్గాలుగా చీలి, పొరుగు ఊరిలో వేరే శాఖ వెలిసింది. ఒకప్పుడు కలిసి బార్బెక్యూ చేసుకున్నవాళ్లు ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో ఎదురుపడితే పక్క వరుసలోకి తప్పుకుంటున్నారు.

అన్నిటికంటే గొప్ప సత్యం తలుపుది. సినిమాలో తలుపుకూ బాడీకీ మధ్య గీత కనబడదు. తలుపును అతికించేశారన్నమాట. హీరో ఆ తలుపు తియ్యకుండా, పక్కన చెయ్యి ఆనించి, మీదుగా దూకి సీట్లో పడతాడు. నెత్తిమీద టోపీ కదలదు. ప్రేమలో మునిగినవాడికి తలుపు తీసేంత తీరిక ఉండదని సంఘం వ్యాఖ్యానం. కాబట్టి సభ్యులందరూ తమ కార్ల తలుపులకు వెల్డింగు కొట్టించి, రంగు పూయించి, దూకి ఎక్కుతున్నారు, దూకి దిగుతున్నారు. సభ్యుల్లో అతి పిన్నవయస్కుడు కిందటేడు పదవీ విరమణ చేశాడు.

సంఘం సభ్యుల్లో మన ఆర్లెన్ హాస్కిన్స్ పళ్ల డాక్టరుగా రిటైరైన మనిషి. చిన్నప్పుడు అమ్మానాన్నల కారు వెనక సీట్లోంచి, ఆరుబయట తెర మీద ఆ సినిమా చూశాడు. ఆ దూకుడు చూశాక అతని జీవితం అంతకుముందులా లేదు. పళ్లు పీకుతూ నలభై ఏళ్లు గడిపాడు గానీ, మనసులో మాత్రం ఎప్పుడూ తలుపు మీదుగా దూకుతూనే ఉన్నాడు. ఇలాంటివాళ్లను చూసి మనం నవ్వుతాం. కానీ ఒక మనిషి ఒక కోరికను అంతకాలం పాడవకుండా దాచుకోవడం చిన్న విషయం కాదు.

అతని డీసోటో నిజానికి అతనిది కాదు, భార్య లూరీన్ తండ్రిది. ఆయన పాల వ్యాపారి. ఆదివారం పూట కూతురిని చర్చికి తీసుకెళ్లేటప్పుడు ఆయన ముందుగా బయటికొచ్చి, టోపీ తీసి, కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడేవాడు. చంటిపిల్లగా ఉన్నప్పుడూ అంతే, కాలేజీకి వెళ్లే రోజుల్లోనూ అంతే. లూరీన్ డ్రైవింగు నేర్చుకున్నది కూడా ఆ కారులోనే. తర్వాత ఆమె హైస్కూల్లో పిల్లలకు ఇనుప పని నేర్పింది. కోయడం, అతకడం ఆమెకు కొట్టిన పిండి. అయినా ఆ కారు టాపు కోసేటప్పుడు మాత్రం చెయ్యి పెట్టనంది. ఆర్లెన్ బయటివాళ్లతో కోయించాడు.

“నీకేంటి, మహారాణిలా పక్కన కూచోబెట్టుకుని ఊరేగిస్తా,” అన్నాడు ఆరోజు.

కారు తయారై వచ్చిన రోజున లూరీన్ పసుపు గౌను వేసుకుని, చేతిసంచి పట్టుకుని వచ్చింది. తలుపు పిడి తిప్పింది. పిడి తిరిగింది గానీ తలుపు రాలేదు.

“ఇది రావట్లేదేంటి?”

“అది రాదు. దూకాలి.”

“ఎవరు?”

“అందరూ. అదే అసలు పద్ధతి.”

“ఆర్లెన్, నా తుంటిలో ఉన్నది స్టీలు ముక్క. దూకితే అది ముందెళ్తుంది, నేను తర్వాతొస్తా.”

వంటింట్లోని స్టూలు తెచ్చి వేసుకుని ఎక్కబోయింది. సంఘం అధ్యక్షుడు థర్మన్ ఓగిల్వీ సరిగ్గా అప్పుడే అభినందించడానికి వచ్చాడు. సినిమాలో స్టూలు లేదన్న సంగతి ఎంతో మర్యాదగా గుర్తుచేశాడు. లూరీన్ స్టూలు తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె ఒకే ఒక్క మాట అడిగింది. “ఎప్పుడైనా ఒక్కసారి, నాన్న కారులో నన్ను సముద్రం దాకా తీసుకెళ్లు. అంతే.” “ఈ ఒక్క ఊరేగింపు అవనీ,” అన్నాడు ఆర్లెన్. ఏటా ఊరేగింపు అవుతూనే ఉంది, ఏటా ఆ మాటా అంటూనే ఉన్నాడు.

లూరీన్ ఒక్కతే కాదు, సభ్యుల భార్యలంతా అదే స్థితిలో ఉన్నారు. ఊరేగింపులో టాపులేని కార్లు ముందు పోతుంటే, వాటి వెనకే టాపులున్న చిన్న కార్లలో ఏసీ వేసుకుని, ఎండ క్రీములు, ఐసు ముక్కలు, నొప్పి మాత్రలు పట్టుకుని భార్యలు వస్తారు. కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లు ఈ రెండో ఊరేగింపును చూసి మున్సిపాలిటీవారు ఏర్పాటు చేసిన అత్యవసర విభాగం అనుకుంటారు.

ఈ ఏడాది సంఘానికి ఒక మహద్భాగ్యం పట్టింది. ఆ సినిమా హీరోయిన్ డెలోరా వేన్ ముఖ్య అతిథిగా రావడానికి ఒప్పుకుంది. ఎవరైతే అందరికంటే శుద్ధంగా దూకుతారో వాళ్ల కారులో, వాళ్ల పక్క సీట్లో ఆమె కూర్చుంటుందని ఓగిల్వీ ప్రకటించాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆర్లెన్‌కు తిండి సహించలేదు. ఆ సీటులో ఆమె, పక్కన తను. జీవితంలో ఇంకేదీ ఇంతగా కోరుకోలేదు. ఇబ్బందల్లా అతని ఎడమ మోకాలితోనే. వసంతంలోనే డాక్టరు దాన్ని చూసి, మెట్లు కూడా నెమ్మదిగా ఎక్కమన్నాడు. ఆర్లెన్ ఆ ముక్క ఇంట్లో చెప్పకుండా, గ్యారేజీ షట్టరు దించుకుని, కారు సీట్లో పాత పరుపు వేసుకుని సాధన మొదలుపెట్టాడు.

“మళ్లీ దూకావా?” అంది లూరీన్, కుంటుకుంటూ వచ్చినవాణ్ణి చూసి.

“లేదే. మెట్టు మీద కాలు జారింది.”

“గ్యారేజీలో మెట్లెక్కడివి?”

“అందుకే జారింది,” అన్నాడు.

లూరీన్ నవ్వలేదు. ఫ్రిజ్‌లోంచి బఠానీల సంచి తీసి అతని మోకాలి మీద పెట్టింది.

జూలై నాలుగు రానే వచ్చింది. వాద్యాలు మోగాయి, జెండాలు ఎగిరాయి, హాట్‌డాగులు వేగాయి. థర్మన్ ఓగిల్వీ తెల్ల సూటులో వేదికెక్కి, మైకును రెండుసార్లు తట్టి, ఈ విధంగా ప్రసంగించాడు.

“సోదర సభ్యులారా! ఇవాళ ప్రపంచం ఎటు పోతోంది? ఎక్కడ చూసినా నకిలీ! ఎక్కడ చూసినా అనుకరణ! ఈ నకిలీల సముద్రంలో అసలుతనాన్ని పట్టుకుని వేలాడుతున్నది మనం ఒక్కళ్లమే. నా కారును చూడండి! ఆ సినిమా కారులో ఉన్న ప్రతి సొట్టా ఇందులో ఉంది. సుత్తి పెట్టి నేనే స్వయంగా కొట్టాను! ఒక్కటి మాత్రం మర్చిపోకండి. తలుపు తీసుకుని కారెక్కేవాడు ఎక్కడికైనా పోవచ్చు గాక, కానీ ఎక్కడికీ చేరడు!”

చప్పట్లు చాలాసేపు మోగాయి. చివరి వాక్యానికి అర్థమేమిటో ఎవరికీ తెలియకపోవడం వల్ల అందరికీ బాగా నచ్చింది.

పోటీ మొదలైంది. మొదటి సభ్యుడు బాగానే దూకాడు గానీ టోపీ అవతల పడింది. రెండో సభ్యుడు తలుపు మీద పొట్ట ఆనేసరికి ఆరేసిన తువ్వాలులా అటు సగం ఇటు సగం వేలాడాడు. రెండో ఊరేగింపులోంచి వాళ్లావిడ వచ్చి అతన్ని లోపలి వైపుకి మడిచి వెళ్లింది. మరొక సభ్యుడు దూకడం మానుకుని, గడ్డి దిండు వాడిన కార్లను పోటీకి అనుమతించడం మీద నిరసన తెలిపాడు.

ఆర్లెన్ వంతు వచ్చింది. అతను టోపీ సర్దుకున్నాడు. నాలుగడుగులు పరుగెత్తి, తలుపు మీద చెయ్యి ఆనించి, గాల్లోకి లేచాడు. ఆ క్షణాన అతనికి వయసు లేదు, పళ్లూ చిగుళ్లూ లేవు, ఆరుబయట తెర మీద బొమ్మ ఒక్కటే ఉంది. సీట్లో పడ్డాడు. టోపీ కదలలేదు. లోపల ఎక్కడో మోకాలు పచ్చి చిక్కుడుకాయ విరిచినట్టు చప్పుడు చేసింది. ఆర్లెన్ పెదాలు బిగించి నవ్వాడు. సంఘం పద్ధతే అది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఓగిల్వీ అతన్నే విజేతగా ప్రకటించాడు.

డెలోరా వేన్ వచ్చింది. సినిమాలో ఎగిరిన జుట్టు తెల్లబడింది, మెళ్లో దారానికి కళ్లజోడు, భుజానికి గుడ్డసంచి. కారు దగ్గరికి వచ్చి నిలబడింది. అందరూ నిలబడ్డారు.

“డోరు తియ్యి నాయనా,” అంది ఆర్లెన్‌తో.

“ఇది... రాదండి,” అన్నాడు ఆర్లెన్.

ఆమె వంగి, కళ్లజోడు పెట్టుకుని, తలుపు అంచును చేత్తో తడిమింది. “అయ్యో! ఇంకా బాగుచేయించలేదా దీన్ని?”

జనంలో చిన్న కలకలం రేగింది. ఓగిల్వీ ముందుకొచ్చి, ప్రేమ గురించి, తీరిక లేకపోవడం గురించి సంఘం వ్యాఖ్యానాన్ని సవివరంగా మనవి చేశాడు. డెలోరా వేన్ పొట్ట పట్టుకుని నవ్వింది.

“ప్రేమా? ఎక్కడి ప్రేమ బాబూ! టాపు కోసేసరికి కారు నడుం జారి డోర్లు బిగుసుకుపోయాయి. గతుకుల్లో వాటంతటవే తెరుచుకునేవి, కావాలంటే వచ్చేవి కావు. విసుగెత్తి వెల్డింగు కొట్టేశారు. పాపం హీరో వేరే దారి లేక దూకాడు. ప్యాంట్లు చిరగని రోజు లేదు. ఇక నా సంగతి అడక్కండి. ఇద్దరు వడ్రంగులు బంగాళాదుంపల బస్తాలాగా ఎత్తి లోపల కుదేసేవాళ్లు.”

ఓగిల్వీ కార్యవర్గాన్ని అక్కడికక్కడే సమావేశపరిచాడు. అతిథిగారు చెప్పినదాంట్లో తలుపు గురించిన భాగం వయసు వల్ల కలిగిన పొరపాటనీ, వడ్రంగుల గురించిన భాగం అమూల్యమైన చారిత్రక ఆధారమనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. సభ్యుల్లో వడ్రంగులెవరూ లేరు. ఇద్దరు మాజీ లాయర్లు చొక్కా చేతులు మడిచి ఆమె వైపు నడిచారు.

“నన్ను ముట్టుకున్నారంటే ఈ సంచితో ఒక్కటిస్తా,” అంది డెలోరా వేన్. ఇటూ అటూ చూసి, రెండో ఊరేగింపులో అన్నిటికంటే ముందున్న చిన్న కారు దగ్గరికి గబగబా వెళ్లింది. పసుపు గౌనులో ఉన్న లూరీన్ దిగి తలుపు తెరిచి పట్టుకుంది.

“ఏసీ ఉందా అమ్మాయ్?”

“ఉందండి. శాండ్‌విచ్‌లు కూడా ఉన్నాయి.”

“దేవతలా దొరికావు,” అంటూ ఎక్కి కూర్చుంది.

ఊరేగింపు కదిలింది. జనమంతా వెనక వస్తున్న చిన్న కారు చుట్టూ మూగారు. డెలోరా వేన్ కిటికీ అద్దం దించి, సగం తిన్న శాండ్‌విచ్ ఊపుతూ అందరికీ అభివాదం చేసింది. అందరికంటే ముందు, అద్దం లేని కారులో, ఖాళీ సీటు పక్కన ఆర్లెన్ పోతున్నాడు. కారు నడక వేగంతో కదులుతోంది గనక ఒంటికాలితో ఎలాగో నెట్టుకొస్తున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. గెలిచింది తనే, దూకింది తనే, అయినా పక్కన ఎవరూ లేరు. ఒక చోట పరధ్యానంగా ఆ సీటు మీద చెయ్యి వేశాడు. ఎండకు కాలిపోతోంది. లూరీన్ కాలేజీ రోజుల్లో మోచెయ్యి బయటపెట్టి కూర్చున్న ఫొటో ఒకటి ఇంట్లో ఉంది. అది ఈ సీటేనన్న సంగతి ఇన్నాళ్లకు అతనికి తట్టింది.

సముద్రం వైపు రోడ్డు మీద రద్దీ ఎక్కువగా ఉంటుందని, ‘సముద్రం దాకా’ ఊరేగింపు ఏటా సూపర్‌మార్కెట్ పార్కింగులోనే ముగుస్తుంది. సభ్యులందరూ దూకి, లేదా దించబడి, నిమ్మరసం తాగుతున్నారు. ఆర్లెన్ మాత్రం సీట్లోంచి కదల్లేదు. ఓగిల్వీ వెండి కప్పు పట్టుకుని, ఫొటో కోసం ఒకసారి బయటికి దూకమన్నాడు.

“దూకలేను,” అన్నాడు ఆర్లెన్. “మోకాలు పోయింది.”

లూరీన్ వచ్చి ప్యాంటు పైకి లాగి చూసింది. మోకాలు మామిడికాయంత వాచింది. ఆమె వెనక్కి నడిచి, తన కారు డిక్కీ తెరిచి, స్పేర్ టైరు పక్క నుంచి ఇనుము కోసే బ్యాటరీ గ్రైండరు తీసుకొచ్చింది. అది చాన్నాళ్లుగా అక్కడే ఉంది.

“హాస్కిన్స్! ఆ మిషను తగిలిందంటే నీ కారు అసలుది కాదు!” అని అరిచాడు ఓగిల్వీ. “కప్పు ఉండదు! సభ్యత్వం ఉండదు!”

ఆర్లెన్ కప్పు వంక చూశాడు. నిజంగానే చాలా బాగుంది.

“ఏ డోరు కొయ్యమంటావ్?” అంది లూరీన్, అతని వైపు తలుపు దగ్గర నిలబడి. అది కోస్తే అతను తేలిగ్గా దిగిపోవచ్చు.

“నీ వైపుది,” అన్నాడు ఆర్లెన్.

లూరీన్ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత కళ్లకు అద్దాలు పెట్టుకుని అటువైపు వెళ్లింది. నిప్పురవ్వలు లేచాయి. గడ్డి వర్గం సభ్యులు తమ కార్లను దూరంగా జరుపుకున్నారు. చివరికి తలుపు కిర్రుమని తెరుచుకుని, ఒక పక్కకు ఒరిగి నిలబడింది.

ఆర్లెన్ సీటు మీద నుంచి మెల్లగా జరిగి ఆ తలుపులోంచి దిగాడు. ఎడమ కాలు నేల ఆనడం లేదు. తలుపు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, టోపీ తీశాడు.

“ఎక్కు,” అన్నాడు.

“నాన్న ‘దయచెయ్యండి’ అనేవాడు,” అంది లూరీన్. గొంతు కొంచెం పూడుకుపోయింది.

“దయచెయ్యండి.”

ఆమె పసుపు గౌను దులుపుకుని ఎక్కి, స్టీరింగు ముందుకు జరిగింది. అతను పక్కన కూర్చున్నాడు. తలుపు సరిగా పడలేదు. నడుముకున్న గోధుమరంగు బెల్టు తీసి తలుపుకు కట్టి, కొసను చేత్తో పట్టుకున్నాడు. “నీ చిన్న కారు నేను తెస్తాలే, తాళం ఇలా పడెయ్యి,” అంది డెలోరా వేన్. రెండు కార్లూ పడమటి రోడ్డెక్కాయి. సంఘం చరిత్రలో సముద్రం దాకా వెళ్లిన డీసోటో అదొక్కటే.

ఆర్లెన్ సభ్యత్వం ఆ సాయంత్రమే రద్దయింది. అయితే ఆ తలుపు సన్నివేశాన్ని ఎవరో ఫోన్లో తీశారు. దాన్ని దేశమంతా చూసి కంట తడిపెట్టుకుంది. సంఘం అసలుతనం మీద తన వైఖరిని పునఃపరిశీలించింది. ఇప్పుడు సభ్యులందరూ కుడివైపు ముందు తలుపును గ్రైండరుతో కోయించి, ఒక పక్కకు ఒరిగేలా వంచి, గోధుమరంగు బెల్టుతో కట్టుకుంటున్నారు. మోకాళ్లు బాగున్నవాళ్లు కూడా ఒంటికాలి మీద నిలబడి టోపీ తీసి ‘దయచెయ్యండి’ అంటున్నారు. “తలుపు మీదుగా దూకి కారెక్కేవాడు ఎక్కడికైనా పోవచ్చు గాక, కానీ ఎక్కడికీ చేరడు!” అని ఓగిల్వీ ఈసారి సెలవిచ్చాడు. చప్పట్లు ఇదివరకటిలాగే చాలాసేపు మోగాయి.

పసుపు గౌనులో కారెక్కే స్త్రీ పాత్ర కోసం సంఘం ఎంపిక పరీక్షలు పెట్టింది. సరదాకి లూరీన్ కూడా వెళ్లింది, అదే గౌను వేసుకుని. ఎత్తు చాలలేదనీ, గొంతు సహజంగా పూడుకోవడం లేదనీ పంపించేశారు. ఆ పాత్రకు ఒక నటి దొరికింది. సభ్యుల భార్యలు ఎప్పటిలాగే వెనక కార్లలో, ఐసు ముక్కలు పట్టుకుని వస్తున్నారు. ఆదివారం పూట ఆర్లెన్ తలుపు తీస్తాడు, లూరీన్ ఎక్కుతుంది, ఇద్దరూ సముద్రం దాకా వెళ్లొస్తారు. మోకాలు నయమై అతను రెండు కాళ్ల మీదా నిలబడుతున్నాడు గనక, అది అనుకరణ మాత్రమేనని సంఘం తేల్చింది.

ఇది చదివి నవ్వుకుంటున్న పాఠకులకు ఒక చిన్న మనవి. ఒకసారి మీ పెళ్లి ఆల్బం తీసి చూసుకోండి. ఫొటో సరిగా పడలేదు, ఇంకోసారి తాళి పట్టుకోండి, ఇటు చూసి నవ్వండి అని కెమెరా ఆయన అన్నాడు గదా. ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది ఆ రెండోసారిదే.